ఎడమ గోడలో తొమ్మిదో కిటికీ

మా ఊరి బేస్‌బాల్ మైదానానికి ఎడమవైపు గోడ లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. కట్టే రోజుల్లో ఐసు ఫ్యాక్టరీ వాళ్లు తమ పెరడు ఇవ్వబోమన్నారు. గోడే ఒదిగింది. ఆ గోడ లోపల, స్కోరుబోర్డు వెనక కూర్చుని, నేనూ, నాతో పనిచేసే డాటీ, పరుగుల అంకెలు రాసిన రేకులను ఇన్నింగ్స్‌కొకటిగా ఉన్న తొమ్మిది కిటికీలకు తగిలిస్తుంటాం. నాకా చీకటి ఇష్టం. అక్కడ డాటీతో తప్ప ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

ఆ శనివారం మా జట్టుకు బంతి విసిరే పిచర్ ఎమిల్ వాస్కో ఎనిమిది ఇన్నింగ్స్ అయినా అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేస్ చేరే వీలు, ఇవ్వలేదు. తొమ్మిదోదీ అలాగే గడిస్తే అది అరుదైన ఘనత. ఇలాంటప్పుడు ఆ సంగతి ఎవరూ పైకి అనకూడదు. అంటే చెడుతుంది. బెంచీ మీద ఎమిల్ పక్కన ఎవరూ కూర్చోరు. స్టాండ్లో పాదిరిగారు సైతం వాన గురించే మాట్లాడతారు.

"ఏమోయ్ ఆర్విల్, ఎమిల్ ఇవాళ భలే..." అంది డాటీ.

ఆమె నోటికి అడ్డంగా సున్నా రేకు పెట్టాను.

"టోపీ భలే ఉందనబోయానయ్యా," అంది రేకు వెనకనుంచి.

"అదీ వద్దు."

"నువ్విలాంటివి నమ్మవుగా?"

నమ్మను. మనిషి తన భయాన్ని నియమంగా ఎలా మార్చుకుంటాడో పుస్తకాల్లో చదివినవాణ్ణి. అయినా ఎడమకాలు తిమ్మిరెక్కి చాలాసేపైనా కదపలేదు. మనసు నమ్మకపోయినా కాలు నమ్మింది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యారు. ఇంకొక్కడు ఔటైతే ఆట ముగిసినట్టే. మూడోవాడు కొట్టిన బంతి పైకి లేచి, ఇంకా ఖాళీగా ఉన్న తొమ్మిదో కిటికీకేసి, అంటే నా మొహం మీదికే రాసాగింది. మా ఫీల్డర్ లెస్టర్ బంతినే చూస్తూ వెనక్కి పరుగెత్తుతున్నాడు. కొత్త మైదానాల్లో గోడ ముందు మట్టి బాట ఉంటుంది. కాలికింద గడ్డి పోగానే గోడ దగ్గరైందని తెలుస్తుంది. మాకు గోడ మొదలుదాకా గడ్డే. ముందే ఆగితే బంతి పోతుంది, ఆగకపోతే భుజం పోతుంది.

నోరు తెరిస్తే అంతా చెడుతుందని కాలు చెప్పింది.

"గోడ, లెస్టర్, గోడ," అని అరిచాను.

అది నా గొంతేనని పోల్చుకోవడానికి నాకే క్షణం పట్టింది. లెస్టర్ చెయ్యి వెనక్కి చాచి గోడను తడిమి, దాన్నే ఊతగా చేసుకుని ఎగిరాడు. అతని గ్లవ్ కిటికీని మూసేసింది. తోలు వాసన. బంతి అందులో పడిన చప్పుడు నా ముక్కు ముందే వినిపించింది.

స్టేడియం హోరెత్తింది. గ్లవ్ తొలగి, చెమటతో లెస్టర్ మొహం కనిపించింది.

"ఒరేయ్, ఇన్నాళ్లూ ఈ గోడలో బొమ్మ ఉందనుకున్నాన్రా. మనిషేనన్నమాట," అన్నాడు.

"నేనూ ఇప్పుడే చూస్తున్నా," అంది డాటీ. "ఇక చెప్పొచ్చా?"

"చెప్పు."

"ఎమిల్ టోపీ భలే ఉంది."

నవ్వుతూ లేవబోయి, తిమ్మిరెక్కిన కాలి మీద కూలబడ్డాను. మళ్లీ లేచాను. కిటికీలో చివరి సున్నా తగిలించాలి. కానీ ముందు అందులోంచి తల బయటపెట్టి, జనంతోపాటు నేనూ అరిచాను.