గల్లీలో లేని పేరు

పొద్దున్నే మబ్బు పట్టింది. కురవదు, తొలగదు, అలిగి కూర్చున్న వియ్యపురాలి మొహంలా ఆకాశం బిగుసుకొని ఉంది. సుబేదారిలో కొడుకు మహిపాల్ అద్దెకుంటున్న ఇంటి గడప మీద కూర్చున్న మొగిలి మొహమూ అలాగే ఉంది.

మనుమరాలికి ఆ రోజు ఇరవై ఒకటో దినం. తొట్టెలలో వేసి, మేనత్త చెవిలో పేరు చెప్పాలి. పేరు ముందే ఖాయమైంది: సహస్ర. ఎవరికీ లేని పేరని కోడలు సుకన్య ఫోన్లో వెతికి వెతికి ఏరింది. మొగిలి గొంతులో మాత్రం ఇంకో పేరు అడ్డం పడి ఉంది. కాన్పు కష్టమైన రోజు దవాఖాన మెట్ల మీద కూర్చొని, మేడారం దిక్కు తిరిగి, తల్లీబిడ్డలు చల్లగా బయటపడితే అక్కడి వనదేవత పేరే పెడతానని మొక్కుకున్నాడు. ఆ సంగతి భార్య పూలమ్మకు కూడా చెప్పలేదు. పది మాటలు కావలసిన చోట ఒక దగ్గుతో సరిపెట్టే మనిషి.

మేనత్త తొట్టెల మీదికి వంగింది. మొగిలి దగ్గాడు. ఎవరూ చూడలేదు. మళ్లీ దగ్గాడు.

"ఏందయ్యా, జర నీళ్లు తాగరాదు?" అంది పూలమ్మ.

"మొక్కిన," అన్నాడు. "సారలమ్మ అని."

ఊగుతున్న తొట్టెల ఆగింది. అందరికంటే ముందు మేనత్తే లేచింది. ఆమె అసలు పేరూ సారలమ్మే. హైదరాబాదులో కొలువు దొరికాక శ్రావణి అయింది.

"నన్ను ఆగం జేసింది సాలదా నాయినా? బడిల హాజరు వట్టేటప్పుడు సారక్కా అంటె బెంచీకి బెంచీ లేస్తుండె! పెద్ద సారక్క, చిన్న సారక్క, నేనేమో నల్ల సారక్క!"

మొగిలి తల వంచుకున్నాడు. అబద్ధమేమీ కాదు. జాతర ఏడు పుట్టిన మగపిల్లలు సమ్మయ్యలు, సారయ్యలు. ఆడపిల్లలు సమ్మక్కలు, సారక్కలు. వరి కోతలప్పుడు ఒకరిని కేకేస్తే మడిలో సగం కొడవళ్లు ఆగేవి.

"నా బిడ్డ పేరు దానికొక్కదానికే ఉండాలె మామా," అంది సుకన్య కళ్లనీళ్లతో. "పిలిస్తె అదొక్కతే తిరిగి సూడాలె."

అప్పుడే ఎదురింటి పద్మ వాకిట్లో నిలబడి గల్లీలోకి కేకేసింది.

"సహస్రా! లడ్డూలు పంచుతాండ్రు, ఉరికిరా!"

ముగ్గురు ఆడపిల్లలు ఉరికివచ్చి చేతులు చాపారు.

"మీల సహస్ర ఎవలే?" అంది పూలమ్మ.

"నేనే!" అన్నారు ముగ్గురూ.

"ఇంకోతి ఉన్నది, నిద్ర లేవలె," అంది పద్మ.

సుకన్య పిల్లలను చూసింది, తొట్టెలను చూసింది.

"పద్మక్కా, గల్లీల సారలమ్మ ఎవలన్న ఉన్నరా?"

"పిల్లలల్లనా? ఈ కాలంల ఎవలు వెడతరే ఆ పేరు!"

"ఒక్కతి గూడ లేదా?"

"ఒక్కతి గూడ లేదు."

సుకన్య కళ్లు తుడుచుకుంది. "అయితె అదే చెప్పు వదినా."

"నేను ఇడిసిపెట్టిన పేరు నేనే చెప్పాల్నా?"

"నువ్వు ఇడిసిపెట్టినవ్ గాబట్టే ఖాళీగున్నదక్కా," అన్నాడు తమ్ముడు మహిపాల్.

శ్రావణి వాణ్ణి ఉరిమి చూసి, మళ్లీ వంగింది. ఒక్క పేరు చెప్పడానికి పట్టేదానికంటే ఎక్కువసేపే బిడ్డ చెవి దగ్గర ఉండిపోయింది.

మధ్యాహ్నం చాపల మీద వరుసగా కూర్చున్నారు. మాంసం కూర వడ్డిస్తున్న శ్రావణి గిన్నెంతా వెతికి, మూలుగ బొక్క తీసి నాయన విస్తట్లో వేసింది. తర్వాత వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. మొగిలి ఆ పూట రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు.