జకరయ్య చెప్పిన సాక్ష్యం

మా నాయన జకరయ్య ముప్పై ఏళ్లు ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య బస్సు నడిపాడు. ఎవరి మాటా వినడు. నిరుడు గుండెపోటుతో గుండె కండరంలో కొంత చచ్చిపోయింది గానీ ఆ గుణం మాత్రం చావలేదు.

నేను నంద్యాల కాలేజీలో జువాలజీ చెబుతాను. చచ్చిన గుండె కండరం దానంతట అది పెరగదని, దాన్ని పెంచడానికి ల్యాబుల్లో తంటాలు పడుతున్నారని నాయనకు చెప్పాను. చర్మంలోంచి తీసిన కణంలో కొన్ని జన్యువులను మేల్కొలిపి, దాన్ని ఏ కణంగానైనా మారగల మూలకణంగా వెనక్కి తిప్పుతారు. తర్వాత వేరే జన్యువులను నడిపించి గుండె కణంగా పెంచుతారు. మనుషుల మీద పరీక్షలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, అందాకా అలాంటి వైద్యం చేస్తామనేవాళ్ల దగ్గరికి పోవద్దన్నాను. నాయన అంతా విని, నీకు పుస్తకాలే తెలుసు అన్నాడు. మూలకణాలతో గుండె బాగుచేస్తామని చెప్పే, మా చర్చి పెద్ద ప్రేమ్ సాగర్ పనిచేసే క్లినిక్కుకు వెళ్లి, తుంటి ఎముకలోంచి తీసిందేదో రక్తంలోకి ఎక్కించుకుని వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడు నెలలకు ఎకో తీయిస్తే గుండె వెనకటిలాగే ఉంది. నాయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అయినా ప్రేమ్ సాగర్, ఆ వైద్యంతో దేవుడు గుండె బాగుచేశాడని ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నాడు. అది వినడానికి దొర్నిపాడు నుంచి బెన్నీ వచ్చాడు. ముప్పై ఆరేళ్లవాడు, అతనిదీ గుండె జబ్బే. మంగళవారం అదే క్లినిక్కులో చేరాలని అప్పుడే మాత్రలు మానేశాడు.

నాయన లేచి దేవునికి స్తోత్రం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

"నా గుండె బాగుపడలా. వాళ్లు ఎక్కించింది నాకేం పనిజేయలా."

సాక్ష్యం పొడుగైతే ఎవరో పాట ఎత్తుకోవడం, చెప్పేవాళ్లు కూర్చోవడం మా చర్చిలో అలవాటు. ప్రేమ్ సాగర్ వెంటనే పాట ఎత్తుకున్నాడు. డోలక్ అందుకుంది. నాయన కూర్చోలేదు. ముందు బెంచీ పట్టుకుని, ఆయాసపడుతూ, నాలుగు చరణాలూ అయ్యేదాకా నిలబడ్డాడు. నాకు భయం వేసింది. అంతకంటే గర్వం కలిగింది.

పాట ఆగాక బెన్నీ వైపు తిరిగాడు.

"బ్రేకు పట్టని బండి బాగుందని రాసిచ్చే డ్రైవర్ని కాదప్పా నేను. నా కూతురు వద్దన్నా పోయినా. నువ్వు పోవద్దు. మాత్రలు మానొద్దు."

ఇవి విశ్వాసం లేని మాటలని ప్రేమ్ సాగర్ అన్నాడు.

"విశ్వాసముంది. అబద్ధం చెప్పే ధైర్యమే లేదు" అని నాయన కూర్చున్నాడు.

బయట బెన్నీ నా దగ్గరికి వచ్చి, మానేసిన మాత్రలు ఎట్లా మొదలుపెట్టాలని అడిగాడు. రేపు పొద్దున్నే పాత డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. అతను వెళ్లేదాకా నాయన మెట్ల మీద ఆగాడు.

"ఆ ల్యాబులోళ్లది ఎప్పుడొస్తాది, జెస్సీ?"

"తెలీదు నాయనా. పదేండ్లు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"అయితే అంతవరకూ బతికుంటా. రాసుకో."

మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాడు. నేను చెయ్యి చాపినా పట్టుకోలేదు.