గేటు అవతలి గుర్రం

ముప్పై ఏళ్లు గుర్రాలు కొని అమ్మినవాణ్ణి. పళ్లు చూసి వయసు, జూలు కింద చెయ్యి పెట్టి కొవ్వు, నాలుగడుగులు నడిపించి కాళ్లలో లోపం చెప్పేవాణ్ణి. అట్‌బాషీ సంతలో నా చేతిమీదుగా పోయిన గుర్రాల్లో మూడొంతులు మాంసానికే పోయాయి. అందులో దాచుకోవలసిందేమీ లేదు. మా వైపు గుర్రం ఎక్కడానికి, పాలకి, చివరికి వండుకోవడానికి.

నా భార్య బురుల్చా అలా అనుకోలేదు. పదకొండేళ్ల కిందట నారిన్ నది ఒడ్డున మేము ఉన్ని గుడారాలు వేసి అతిథుల్ని దించుకోవడం మొదలుపెట్టాం. ఆ ఏడే సంతలో ఒక మూల, కసాయి బండి కోసం నిలబెట్టిన గుడ్డి తెల్లగుర్రాన్ని చూసి, నాతో చెప్పకుండా కొనుక్కొచ్చింది. దానికి బోజ్ అని పేరు పెట్టింది. ఆ తర్వాత కుంటివి, ముసలివి, పందాల్లో నడుము విరిగినవి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. గేటు దగ్గర నిలబడి ఒక నియమం కూడా చెప్పింది: ఈ గేటు దాటి లోపలికొచ్చిన గుర్రం కత్తికి పోదు.

అది నష్టపు బేరమనే అనుకున్నాను. రెండేళ్లు గడిచేసరికి తెలిసింది, బస చేసేవాళ్లూ, ఏటి ఒడ్డున పెళ్లి చేసుకుంటామని వచ్చేవాళ్లూ ఆ ముసలి గుర్రాల కోసమే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తున్నారని. ఆమె దయ నాకు వ్యాపారమైంది. నా వ్యాపారం ఆమె దయకి మేత వేసింది. ఇద్దరికీ గిట్టుబాటైంది.

మొన్న ఆగస్టు చివర్లో ఆమె పోయింది. కడుపులో పుండు. చివరి వారం మాట సరిగ్గా వచ్చేది కాదు. ఒకరోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "గేటు మాట మర్చిపోకు" అంది. మర్చిపోనన్నాను.

నలభయ్యో రోజు విందు దగ్గరపడింది. బురుల్చా తమ్ముడు కాదిరాలి వచ్చి దిగాడు. వంట పొయ్యిలు ఎన్ని కావాలో, ఎన్ని ఊళ్లకి కబురు పెట్టాలో అన్నీ మాట్లాడాక, పచ్చికలో మేస్తున్న బురుల్చా సవారీ గుర్రం వైపు చూశాడు. పోయినవాళ్ల పేర వాళ్ల గుర్రాన్నే కొయ్యడం పెద్దల నాటి పద్ధతి.

"అది ఆమెది. ముట్టుకోను" అన్నాను.

"మరి గొర్రెమాంసం పెట్టి పంపిస్తావా, బావా? మా అక్క గుర్రాల మనిషి. జనం ఏమంటారు?"

"ఏమన్నా అననీ. ఇక్కడున్నవి ముట్టుకోను."

"నీ చేతిమీదుగా ఎన్ని పోయాయో నీకే తెలీదు. ఇప్పుడు జాలి పుట్టుకొచ్చిందా?"

ఏడుస్తూనే అన్నాడు ఆ మాట. అక్క పరువు కోసమే వాడి తాపత్రయం. వాణ్ణి తప్పుపట్టలేను.

నాకు తెలిసిన విద్య ఒకటే. ఇద్దరు పట్టుపడితే మధ్యలో ఒక దారి వెతకడం. బురుల్చా మాట గేటు లోపలికొచ్చిన గుర్రాల గురించి. సంతలో ఇంకో గుర్రాన్ని కొని, గేటు బయటే కట్టేసి, బయటే కోస్తే ఆమె మాటా దక్కుతుంది, కాదిరాలి పరువూ దక్కుతుంది. ఈ సంగతి చెబితే కాదిరాలి సరేనన్నాడు. అతిథుల పనంతా చూసుకునే మా అమ్మాయి సయ్‌కాల్ మాత్రం పరుపులు మడతపెడుతూ నా వైపు చూసింది.

"అమ్మతో కూడా బేరమేనా నాన్నా?" అంది.

నేను సంతకి బయల్దేరాను.

విందుకి మేము వెతికేది గొడ్డు ఆడగుర్రాన్ని. ఈనని ఏడు దాని పక్కలకి కొవ్వు బాగా పడుతుంది. సంతలో ఆరేళ్ల ఎర్రగుర్రం దొరికింది. ఈ ఏడు చూలు కట్టలేదని అమ్మేవాడు ఒట్టు పెట్టాడు. నోరు తెరిచి పళ్లు చూశాను. జూలు కింద నొక్కి చూశాను. బాగుంది. తోలుకొచ్చాను.

మా ఇంట్లో ఇంకో పరీక్ష ఉండేది. సంత నుంచి ఏ ఆడగుర్రం వచ్చినా బురుల్చా మర్నాడు పొద్దున్నే ఏటికి తీసుకెళ్లి, మంచు కరిగిన ఆ చల్లటి నీళ్లు కడుపునిండా తాగించి, గొంతుక్కూర్చుని దాని డొక్క వైపే చూస్తూ ఉండేది. లోపల పిల్ల ఉంటే ఆ చలికి కదులుతుంది. "నువ్వు నోరే చూస్తావ్, కడుపు చూడవు" అని నన్ను ఎగతాళి చేసేది. అలా రెండుసార్లు పట్టింది. ఆ రెండు పిల్లలూ మా పచ్చికలోనే పెరిగాయి.

ఎర్రగుర్రం రెండు రోజులు గేటు బయట గుంజకి కట్టేసి ఉంది. ఏరు లోపలి వైపు. గేటు దాటకుండా నీళ్ల దగ్గరికి దారి లేదు. అందుకని వంట పొయ్యి మీది పెద్ద గిన్నెలోంచి గోరువెచ్చటి నీళ్లు బకెట్‌తో మోసుకెళ్లి పెట్టాను. పాపం, వంకలు పెట్టకుండా తాగింది. గుడ్డి బోజ్ వాసన పట్టి కంచె దాకా వచ్చి నిలబడితే, అది మెడ చాచి వాడి మొహం నాకింది. నేను బోజ్‌ని అదిలించి పంపేశాను.

విందు రోజు పొద్దున అందరం అరచేతులు చాచి దువా చేశాం. కత్తి కాదిరాలిది. తాడు నేను పట్టుకున్నాను. పొట్ట చీల్చాక, పేగులు కడగడానికి తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"బావా, ఇటు రా" అన్నాడు కాదిరాలి.

ఆరు నెలల పిల్ల. నాలుగు గిట్టలూ ఏర్పడి ఉన్నాయి. ఒంటి మీద వెంట్రుక లేదు, పెదవుల చుట్టూ మాత్రం సన్నటి నూగు.

"అమ్మినవాడు మనల్ని మోసం చేశాడు. సంతకెళ్లి కాళ్లు విరగ్గొడతాను."

"వాడికీ తెలిసుండదు."

"నీకు తెలియాలి కదా. ముప్పై ఏళ్ల పనితనం నీది."

"తెలుసుకునే దారి లోపలుంది. నేనే గుర్రాన్ని లోపలికి తేలేదు" అన్నాను.

కాదిరాలి నా మొహంలోకి చూసి, కత్తి తుడుచుకున్నాడు.

విందు జరిగింది. ఖురాన్ చదివారు. మూడు ఊళ్ల వాళ్లు తిన్నారు. పక్కటెముకల మీద రెండు వేళ్ల మందం కొవ్వుందని, బురుల్చాకి తగిన మర్యాద జరిగిందని పెద్దలు మెచ్చుకున్నారు. నేను దగ్గరుండి అందరికీ వడ్డించాను. నేను తినలేదని ఎవరూ గమనించలేదు, సయ్‌కాల్ తప్ప.

జనం వెళ్లిపోయాక ఆ పిల్లని పాత ఉన్నిముక్కలో చుట్టాను. రోడ్డు పక్కన మెత్తటి నేల చూసి పార దింపబోతుంటే వెనక గేటు గడియ తీసిన చప్పుడైంది. సయ్‌కాల్ రెండు చేతులతో గేటు బార్లా తెరిచి పట్టుకుని ఉంది.

"లోపలికి తీసుకురా నాన్నా."

తీసుకెళ్లాను. బురుల్చా గొంతుక్కూర్చుని డొక్కలు చూసే చోటే తవ్వాను. ఏటి పక్కన రాళ్ల నేల, చాలాసేపు పట్టింది. బోజ్ వచ్చి నా భుజం మీద ఊపిరి వదులుతూ నిలబడ్డాడు. ఈసారి వాణ్ణి అదిలించలేదు.

ఏడాది విందు ఆగస్టులో. ఏ రంగు గుర్రాన్ని చూడమంటావని కాదిరాలి ఇప్పటికే కబురు పెట్టాడు. గొర్రెమాంసం చాలని చెప్పించాను. జనం అనేది ఎలాగూ అంటారు. బురుల్చా అనేది వినడానికే ఇక నాకు దారి లేదు.