కత్తెర పడిన ముడి

నేను ఒక గుడ్డ పట్టీని. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, రెండు కొసలకూ రెండు నాడాలు. ఫుట్‌బాల్ ఆటలో కెప్టెన్ చేతికి కట్టే పట్టీ అంటే మీకు సులువుగా అర్థమవుతుంది. ఇప్పుడు పెద్దవంక ఫుట్‌బాల్ క్లబ్ ఆఫీసులో, ఒక అద్దాల బీరువాలో ఉన్నాను. వచ్చినవాళ్లందరికీ నా గురించి ఒక కథ చెబుతుంటారు. అది నా కథ కాదు. అందుకే నాది నేనే చెప్పుకుంటున్నాను.

నేను తొందరలో పుట్టాను. పెద్దవంక జట్టు మొదటిసారి లీగ్‌లో ఆడుతున్న రోజది. కెప్టెన్ చేతికి పట్టీ లేనిదే ఆట మొదలుపెట్టనన్నాడు రిఫరీ. అలాంటిదొకటి కావాలని జట్టులో ఎవరికీ తట్టలేదు. బూట్లు తెచ్చుకున్నారు, బంతి తెచ్చుకున్నారు, మధ్యలో పిండుకుని తాగడానికి నిమ్మకాయలు కూడా తెచ్చుకున్నారు. పట్టీ మాత్రం లేదు. కెప్టెన్ తిప్పేస్వామి మైదానం గోడనానుకుని ఉన్న మాబున్ని అనే ఆమె కుట్టు అంగడికి పరుగెత్తాడు. ఆమె మైదానం మూలల్లో పాతే జెండాలు కుట్టగా మిగిలిన ఎర్ర గుడ్డ ముక్కను మడిచి మిషన్ కింద పెట్టింది.

"ఎలాస్టిక్ లేదు తిప్పన్నా. లంగా నాడా ఉండాది, వేస్తా. సరేనా?"

"ఏదో ఒకటి వెయ్ తల్లీ. ఆడ రిఫరీ గడియారం సూస్తాండాడు."

"లంగా నాడా కట్టుకోని ఆడే కెప్టెన్ జిల్లాలో నువ్వొక్కనివే ఉంటావులే, పో!"

నాడాలున్న పట్టీని ఒంటి చేత్తో ఎవరూ కట్టుకోలేరు. అందుకని డిఫెన్స్‌లో తిప్పేస్వామి పక్కన ఆడే వన్నూరప్ప నన్ను ఆయన జబ్బకు చుట్టి ముడి వేశాడు. ఆ రోజు గెలిచారు. ఇంకేముంది, అదే ఆచారమైపోయింది. కెప్టెన్ పట్టీని పక్కనున్న డిఫెండరే కట్టాలి. కెప్టెన్‌గా దిగిపోయేవాడు ఆట ముగిశాక, మైదానంలోనే, అందరూ చూస్తుండగా, తన చేతులతో తర్వాతివాడికి కట్టాలి. ఇంకెవరూ ముడి ముట్టకూడదు. తర్వాత తర్వాత ఈ ఆచారానికి చాలా గొప్ప అర్థాలు చెప్పారు. ఎలాస్టిక్ లేకపోవడం వల్ల వచ్చిందని నాకూ మాబున్నికీ తెలుసు. మనుషులంతే. పొరపాటును కూడా పదిమంది కలిసి చేస్తే పూజ చేసుకుంటారు.

తిప్పేస్వామి చేయి నాకు బాగా గుర్తు. గట్టి చేయి. ఆటంతా వెనక నుంచి అరుస్తూనే ఉండేవాడు. ఎదుటి ఫార్వర్డ్ మీదికి వస్తుంటే వన్నూరప్పతో అనేవాడు, "కాళ్లు సూడొద్దురా, నడుము సూడు. కాళ్లు మోసం సేస్తాయి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు." వాళ్లిద్దరి మధ్య నుంచి బంతి దాటడం చాలా కష్టమయ్యేది. ఒకరు పైకి ఎగిరితే ఇంకొకరు వెనక నిలబడేవారు. ఎవరు ఎగరాలో మాట్లాడుకునేవారు కాదు.

మోకాలు పాడై తిప్పేస్వామి ఆట మానేసిన రోజున నన్ను విప్పి వన్నూరప్పకు కట్టాడు. కడుతూ ఏడ్చాడు. "నీ చేతి నుంచి దీన్ని ఎవ్వడూ తియ్యడు వన్నూరా. నువ్వే ఇంకొకనికి కట్టి దిగాల. నేనుండాను గదా" అన్నాడు. ఆ మాట నా మీదే పడింది, ఆయన కన్నీళ్లతోపాటు. అందుకే నేను మరిచిపోలేకపోతున్నాను.

తర్వాత ఆయన క్లబ్‌కు మేనేజర్ అయ్యాడు. మొదట్లో ఎంత బాగా చేశాడో చెప్పకపోతే అన్యాయమవుతుంది. వేరే ఊళ్లకు ఆడటానికి వెళ్తే పిల్లలతోపాటు బడి వరండాలో పడుకునేవాడు. ఆట ముందురోజు సాయంత్రం చింతగింజలు నేల మీద పరిచి, ఎవరు ఎక్కడ నిలబడాలో వన్నూరప్పతో కలిసి చూసుకునేవాడు. నల్లగా ఉండే పెద్ద గింజ ఎప్పుడూ వన్నూరప్పది.

ఆ తర్వాత గ్రానైట్ ఫ్యాక్టరీ యజమాని రంగనాయకులు క్లబ్‌ను తీసుకున్నాడు. కొత్త జెర్సీలు వచ్చాయి, బస్సు వచ్చింది, ఈ ఆఫీసు వచ్చింది. బెంగళూరు నుంచి ఆయన మేనల్లుడు హర్ష కూడా వచ్చాడు. చెడ్డపిల్లవాడు కాదు. బాగా పరుగెత్తేవాడు, అందరినీ 'అన్నా' అనేవాడు.

ఆ ఏడు లీగ్ ఫైనల్ మా మైదానంలోనే. వన్నూరప్పకు అదే చివరి ఆట. అది గెలవడం కన్నా ఆయనకు ఇంకొకటి ముఖ్యం. ఆట ముగిశాక నన్ను విప్పి మద్దిలేటికి కట్టి దిగాలి. మద్దిలేటి ఆయన పక్కన ఆడే కుర్ర డిఫెండర్. ఎప్పుడూ మైదానానికి రాని భార్యను కూడా ఈసారి రమ్మన్నాడు. "ఏముంటాది సూసేకి? బంతి ఎనక పడి తన్నుకుంటారు, అంతే గదా" అని ఆమె నవ్వింది. "బంతి సూడొద్దు. ఆకర్న నా చెయ్యి సూడు, చాలు" అన్నాడు.

ముందురోజు మాబున్ని నన్ను ఉతికి ఇస్త్రీ చేసింది. సాయంత్రం వన్నూరప్ప నన్ను జేబులో పెట్టుకుని చింతగింజల దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, రేపు మద్దిలేటికి కడతా. అనుకున్నట్లే గదా?"

"ఇంకా అడగల్నా? రేపు నీ రోజు వన్నూరా" అన్నాడు తిప్పేస్వామి. అని అతని భుజం తట్టడానికి వంగాడు. ఆయన చొక్కా జేబులో నుంచి కొత్త రబ్బరు వాసన వచ్చింది. అదేమిటో నాకప్పుడు తెలియలేదు.

మర్నాడు మద్దిలేటి నన్ను వన్నూరప్ప చేతికి కట్టాడు. రెండు ముళ్లు వేసి లాగాడు. టాస్ కోసం మైదానం మధ్యకు నడిచాం. అక్కడ అప్పటికే హర్ష నిలబడి ఉన్నాడు. అతని చేతికి మెరిసే పసుపుపచ్చ పట్టీ. ఎలాస్టిక్‌ది. అదే వాసన.

"ఏమప్పా, మీ టీముకు ఇద్దరు కెప్టెన్లా?" అన్నాడు రిఫరీ. "మీ మేనేజర్ ఈ పిల్లోని పేరే చెప్పినాడే."

గోడ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. "వన్నూరప్పా, నీది లంగా నాడానా, వానిది బెల్టా!" అని ఎవరో అరిచారు. హర్ష ముఖం పాలిపోయింది. "అన్నా, మీకు చెప్పినామని అన్యారే..." అని గొణిగాడు.

వన్నూరప్ప బెంచీ వైపు చూశాడు. తిప్పేస్వామి కళ్లు ఇటే ఉన్నాయి. నడుము మాత్రం రంగనాయకులు కుర్చీ వైపు తిరిగి ఉంది.

మైదానం మధ్య నుంచి బెంచీ దాకా నడవడం ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. గోడ మీద నవ్వు మెల్లగా ఆగిపోయింది. మహిళల వైపు ఆయన భార్య లేచి నిలబడింది.

"నా సేతుల్లో ల్యాదు వన్నూరా" అన్నాడు తిప్పేస్వామి గొంతు తగ్గించి. "రంగనాయకులు పట్టుబట్నాడు. కాదంటే నన్నే మారుస్తానన్యాడు. నీకెట్ల చెప్పల్లో తెల్లేదు."

"నిన్న చెప్పింటే అయిపోతాండె గదన్నా" అన్నాడు వన్నూరప్ప. కోపం లేదు ఆ గొంతులో. "నేనే ఆ పిల్లోనికి కట్టి దిగిపోయేవాణ్ని. నాకేం పోతాది? నువ్వడిగితే కట్టనా?"



వన్నూరప్ప చేయి చాపాడు. "ఇప్పు మరి. దీన్ని ఎవ్వడూ తియ్యడని నువ్వే అన్యావు గదా. నువ్వే ఇప్పు."

తిప్పేస్వామి ముడిని గోళ్లతో లాగాడు. మద్దిలేటి వేసిన ముడి గట్టిది. రిఫరీ విజిల్ ఊదాడు. రంగనాయకులు కుర్చీలోంచి "ఏమైంది స్వామీ, ఇంకా?" అన్నాడు. అప్పుడు తిప్పేస్వామి మందుల పెట్టె తెరిచి, కట్లు కోసే కత్తెర తీసి, నన్ను కోసేశాడు. ఆ చేతి కోసం నేను పుట్టాను. ఆ చేయే కోసింది.

వన్నూరప్ప వెనక్కి వెళ్లి తన చోట నిలబడ్డాడు. ఆటంతా ఆడాడు. పట్టీ హర్ష చేతికున్నా వెనక వరస మొత్తం వన్నూరప్ప గొంతే విన్నది. ఎదుటివాళ్లకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. హర్షే గోల్ కొట్టాడు, గెలిచారు. ఫొటో కోసం అందరినీ పిలుస్తుంటే వన్నూరప్ప భార్యను తన మోపెడ్ ఎక్కించుకుని చిన్న గేటు నుంచి వెళ్లిపోయాడు. తిప్పేస్వామి నన్ను పిడికిట్లో పట్టుకుని పెద్ద గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పాలనే నిలబడ్డాడు. చెప్పాల్సిన మనిషి ఆ దారిన రాలేదు.

కొన్నాళ్లకు నన్ను మాబున్ని దగ్గరికి తీసుకెళ్లాడు, కుట్టిమ్మని. ఆమె తల ఎత్తలేదు.

"కత్తెర పెట్టినోళ్లే కుట్టుకోవల్ల తిప్పన్నా. నా మిషన్ పని సెయ్యల్యా" అంది. మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది.

అందుకే నన్ను జిగురుతో అతికించి, అతుకు గోడ వైపు తిప్పి ఈ బీరువాలో పెట్టారు. ఏటా కొత్త ఆటగాళ్లు వస్తారు. తిప్పేస్వామి నన్ను చూపించి చెబుతాడు. మొదటి ఏడు, "వన్నూరప్ప తానే తెచ్చి ఇచ్చినాడు" అన్నాడు. మరుసటి ఏడు వన్నూరప్ప నవ్వుతూ ఇచ్చాడు. ఇప్పుడు కౌగిలించుకుని ఇస్తున్నాడు. చెప్పేటప్పుడు తిప్పేస్వామి నిజంగానే కళ్లు తుడుచుకుంటాడు. వింటున్నవాళ్లు చప్పట్లు కొడతారు. నాకు నోరు లేదు.

మొన్న ఒక కొత్త డిఫెండర్ అడిగాడు. "ఆయన్ని ఒకసారి పిలుద్దామా సార్? ఆయన నోటితోనే విందాం. ఈ ఊళ్లోనే ఉన్నారంట గదా?"

"ఆయనకు తీరిక ఉండదులే" అన్నాడు తిప్పేస్వామి.

అప్పుడే కిటికీ అవతల మైదానంలో ఎవరో తన్నిన బంతి గోడ దాటి రోడ్డు మీద పడింది. ఒక మోపెడ్ ఆగిన చప్పుడు. కాసేపటికి బంతి గోడ మీదుగా పైకి లేచింది. మైదానం సగం దాటి, సరిగ్గా మధ్య గీత మీద పడింది. లోపల ఆడుతున్న పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. "ఎవరప్పా అది!" అన్నాడు ఆ కొత్త డిఫెండర్, కిటికీ దగ్గరికి పరుగెత్తి.

తిప్పేస్వామి కిటికీ వైపు తిరగలేదు. బీరువా తలుపు మూసి, తాళం వేసి, పడిందో లేదో అని మళ్లీ లాగి చూశాడు. రోడ్డు మీద మోపెడ్ వెళ్లిపోయింది.