ఈశాన్యానికి వాలిన స్లాబు

శాంత మొండిది. కథలాపూర్‌ల బీడీలు చేసే ఆడోళ్లందరు ఒక దిక్కు, ఆమె ఒక్కతె ఒక దిక్కు కూసున్నా, ఆఖరుకు ఆమె మాటనే నెగ్గుతది. గసొంటి మనిషి, మొగడు ముత్యం మళ్ల దుబాయికి పోతనంటే ఊకుంటదా?

ముత్యం మొదటిసారి పోయింది పైసలకు గాదు. అడివిల తిరిగే నక్సలైట్లకు, అన్నలకు, అన్నం పెట్టిండని పోలీసోళ్లు పొద్దుమాపు ఠాణాకు పిలుస్తుంటే, పాణం దక్కితే సాలని పోయిండు. ఆడ టైల్స్ పని నేర్సుకొని అచ్చిండు. ఇప్పుడు పోదువు రమ్మని చెవిల జోరీగ లెక్క తిరిగేటోడు చంద్రమౌళి, కోరుట్లల వీసాలు తెచ్చే ఏజెంటు. "ఈడ నీ పనికి గిరాకేది?" అని ఒకటే పోరు.

"ఒక్క పని చేసి సూడు," అన్నది శాంత. "కుదిరితే ఈడనే ఉండు. కుదరకుంటే నేనే నీ సంచి సదురుత." అని నాలుక కర్సుకుంది గని, అన్న మాట అన్నదే.

ఆ పని కిషన్ రావు దొర ఇంట్ల దొరికింది. అన్నల భయానికి దొర ఊరిడిసి కోరుట్లకు అచ్చి, ఆగమాగం ఇల్లు కట్టుకున్నడు. స్నానాల గదికి కింది నుంచి స్లాబు దాక తెల్ల టైల్స్ కావాలన్నది దొరసాని పుష్పలత. కోరుట్లల అంత ఎత్తు పెట్టిచ్చినోళ్లు తక్కువ. మంచిగయితే నలుగురు సూస్తరు, నాలుగు ఇండ్లకు పిలుస్తరు.

ముత్యం నీళ్ల పైపుతోని మట్టం సూసుకొని వరుస మీద వరుస ఏసుకుంట పోయిండు. పై వరుస కాడికి పోయేసరికి తలకాయ పట్టుకున్నడు. వాన నీళ్లు ఈశాన్యం దిక్కు పోవాలె, వాస్తు. అందరు స్లాబు మీద వాలు పెడుతరు. గా సెంట్రింగు మైసయ్య మహానుభావుడు కింది చెక్కలనే వంచి, స్లాబుకు స్లాబే వాలగొట్టిండు! ఒక మూలకు టైలంత సందు, ఈశాన్యం మూలకు సగమే. పోనీ సాపుగనన్న వాలిందా అంటే, నడుమల కడుపు దిగింది.

ముత్యం రెండు కొసలు కొలిచి, గీత గీసి కోసిండు. పెడితే ఒక దగ్గర తన్నుతది, ఇంకో దగ్గర ఏలు దూరుతది. దుబాయిల గీ తిప్పలు లెవ్వు, ఆడ కప్పులన్ని సాపు. టైల్స్ పలిగినయి.

"సందుల్ల సిమెంటు కుక్కు ముత్యం. తలకాయెత్తి ఎవలు సూస్తరు?" అన్నది దొరసాని జాలిపడి.

ముత్యం ఇంటికచ్చి గదే చెప్పేసరికి శాంతకు కండ్లల్ల కారం కొట్టినట్టయింది. "మొకం మీద నీళ్లు పోసుకునేటోళ్లు తలకాయెత్తకుంట నేల సూస్తరా? రేపు నేనస్త."

"నువ్వచ్చి ఏం జేస్తవే?"

"అచ్చినంక సూడు."

తెల్లారి అన్నలు బందు పిలిచిన్రు. బస్సులు లెవ్వు, ఆటోలు లెవ్వు. ఇద్దరు నడిసిన్రు. కోరుట్ల పొలిమేరల పోలీసోళ్లు ఆపి, సంచిలకెళ్లి పైపు గుంజి, "ఏందిది? దేనికి?" అని గద్దిచ్చిన్రు. ఠాణాల తిన్న పాత దెబ్బలు యాదికచ్చి ముత్యం ఎనుకకు జరిగిండు. శాంత ముందటికచ్చింది. "మట్టం సూసేది సారూ. నీళ్లు పోసి సూపియ్యాల్నా?" పొమ్మన్నరు.

గదిల నిలబడి శాంత స్లాబు దిక్కు శానసేపు సూసింది. బీడీలు చుట్టే తునికాకులు ఏ రెండు ఒక్క తీరుగుంటయి? ఆకు ఎట్లుంటే అట్ల తిప్పుకుంట కత్తిరిచ్చుడే ఆమెకు చిన్నప్పటి సంది పని.

"గోడంతటికి ఒక్కటే గీత గీస్తే ఎట్లయితది? ఒక్కొక్క టైలుకు ఒక్కొక్క అట్ట కత్తిరియ్యాలె," అన్నది. టైల్స్ డబ్బా చింపింది, బీడీల కత్తెర తీసింది, నిచ్చెనెక్కింది. సందుల అట్ట పెట్టుడు, స్లాబు ఎట్ల వంగితే అట్ల కత్తిరిచ్చుడు, కిందికిచ్చుడు. ముత్యం ఆ అట్ట పెట్టి టైలు కోసి, అంచు సానరాయి మీద రాకి, ఎక్కి పెట్టిండు. కూసుంది. ఏలు గాదు గదా, ఆకు సుత దూరలే.

"ఓయమ్మో!" అన్నడు ముత్యం.

రెండోది పలిగింది. మళ్ల కోసిండు. మెడలు పట్టుకపోయినయి, దొరసాని పంపిన చాయ్ సల్లారింది. బందు ఒడిసి బస్సులు నడిసినా వాళ్ల పని ఒడవలే. ఇద్దరు రోజు అచ్చిన్రు, పోయిన్రు. ఆఖరుకు ఈశాన్యం మూల సుత నిండింది. వాలు ఉన్నదాడనే, కంటికి మాత్రం ఆనుతలేదు.

దొరసాని మురిసిపోయి సుట్టాలను, పక్కింటోళ్లను పిలిచింది. వాళ్ల ఎంబడి చంద్రమౌళి అచ్చిండు. గోడ మీద చెయ్యేసి తలకాయెత్తి సూసిండు.

"అరే ముత్యం, గీ చేతికి ఉత్త కూలి వీసా ఏంది? మేస్త్రి వీసా ఇప్పిస్త! రేపే పాస్‌పోర్టు పట్టుకరా."

పని చెడితే పోతడని శాంత భయపడ్డది గని, కుదిరితే సుత పోతడని ఎన్నడనుకుంది? తన సేతులార తనే మొగన్ని సాగదోలినట్టయింది.

ముత్యం తలకాయ గోక్కున్నడు. "పోత సారూ. రెండు వీసాలు తే."

"రెండెందుకు?"

"పై వరుస ఈమెది. ఈమె కత్తిరియ్యకుంటే నాకు టైలు కూసోదు."

చంద్రమౌళి పకపక నవ్విండు. "ఆడోళ్లకు మేస్త్రి వీసా ఏడుంటదిరా?"

"గట్లయితే మాకు కుదరది." ముత్యం సామాను సంచిల ఏసుకుంట అన్నడు, "శాంతా, నిచ్చెన పట్టు. సారింట్ల సుత స్నానాల గది ఉంటది గదా, కొలత సూసి పోదాం."

శాంతకు ఏడుపు, నవ్వు ఒక్కపారే అచ్చినయి. కొంగుతోని ముక్కు తుడుసుకొని, నిచ్చెన భుజానికెత్తుకుంది.