కండె అయిపోయే చోటు

నారాయణపేటలో ఎండాకాలం మధ్యాహ్నాలు సాలె వాడంతా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది, ఒక్క మగ్గాలు తప్ప. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను ఆ చప్పుడులో సగం నిద్రలో, సగం మెలకువలో బతికేదాన్ని. మా అత్తమ్మ రుక్మాబాయి గుంట మగ్గంలో కాళ్లు దించి నేసేది. పక్కన రాట్నం ముందు కూర్చుని నేను నూలు కండెలకు చుట్టి అందించేదాన్ని. ఆమె నేస్తూ పాడేది. మరాఠీ పాట. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మాదీ వాళ్లదీ ఒకటే కులం, ఒకటే పని. మాట మాత్రం వేరు. మా బాపు కేతేపల్లి నుంచి నూలు కోసం వచ్చి, ఆ ఇంటి చీరల అంచు చూసి మురిసిపోయి పిల్లనిచ్చేశాడు. అంచు చూశాడు గానీ, ఆ ఇంట్లో తెలుగు గడప దాటి లోపలికి రాదని చూడలేదు మహానుభావుడు.

అత్తమ్మకు తెలుగు రాక కాదు. అంగట్లో బేరమాడేంత వచ్చు, నన్ను తిట్టేంత ఇంకా బాగా వచ్చు. నేనూ తక్కువదాన్ని కాదు. తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రమయ్యారని బడిపిల్లలు జెండాలు పట్టుకుని మా వాకిలి ముందు నుంచి పోతుంటే ఉరికి వెళ్లి చూశాను. ఆమె మగ్గం దిగలేదు.

"నీ భాషకు ఊరేగింపున్నది. నా భాషకు గీ గుంట ఉన్నది" అంది. ఆ మాట మాత్రం తెలుగులోనే అంది, నాకు తగలాలని.

ఆమె పాడేది తొట్టెల పాట అని తర్వాత తెలిసింది. వాడలో ఒక్కో ఇంటికి ఒక్కో తొట్టెల పాట ఉంటుంది. బిడ్డకు పేరు పెట్టే నాడు ఆ ఇంటి ఆడవాళ్లే పాడాలి, ఇంకో ఇంటి ఆడది నోరెత్తకూడదు. అత్తమ్మకు ఆడపిల్లల్లేరు, కోడలికేమో మరాఠీ రాదు. ఎవరికి నేర్పుతుంది? మరిచిపోకుండా మగ్గానికి పాడుకునేది.

నేను నీళ్లోసుకున్నాక ఆ పాట నిద్రలోకి కూడా వచ్చేసింది. రాట్నం ముందే కళ్లు మూతలు పడేవి. పాట దూరంగా ఎక్కడో ఏటి ఒడ్డున వినిపిస్తున్నట్టుండేది. నేను నీళ్లలో తేలుతున్నట్టు, నా కడుపులో ఇంకో ప్రాణం తేలుతున్నట్టు. ఇంతలో కండె అయిపోయి పాట ఆగేది, దాదాపు ఎప్పుడూ అవే చోట్ల. కళ్లు తెరిస్తే అత్తమ్మ చెయ్యి నా ముందు చాచి ఉండేది. కండె పెట్టేదాన్ని. పాట మళ్లీ సాగేది.

చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, నోరు రెండూ పోయాయి. దవాఖానకు తిప్పినా మాట రాలేదు. ఆమె మగ్గం ఆగిపోతే ఇంట్లో నాకు నిద్ర పట్టలేదు. తిట్టినా బాగుండునని అనిపించింది, నిజంగా.

ఎండలు ముదిరాక నాకు ఆడపిల్ల పుట్టింది. అప్పుడే, ఒకప్పుడు మరాఠీ బడిలో పాఠాలు చెప్పిన దిగంబరరావు సారు వాడకు కబురు తెచ్చాడు. బొంబాయి వైపు మరాఠీవాళ్లకు తమ రాష్ట్రం వస్తోందట. అది పుట్టే రోజు విఠోబా గుడి ముందు పందిరేసి మనమూ మన భాషకు పండుగ చేసుకుందాం, ఈ ఏడాది పుట్టిన పిల్లలందరినీ అక్కడే తొట్టెల్లో వేద్దాం, ఏ ఇంటి పాట ఆ ఇంటివాళ్లు పాడాలి అన్నాడు.

అత్తమ్మ సగం మొహంతో నవ్వింది. తర్వాత మిగిలిన సగానికి విషయం తెలిసినట్టు, కళ్లు నిండాయి. తన అత్త ఇచ్చిన పాట ఆమె గొంతులోనే ఇరుక్కుపోయింది. మనవరాలికి అది చేరదు.

"పాట లేకుంటేమాయె అమ్మా, తొట్టెల్ల ఏద్దాం తియ్యి" అన్నాడు మా ఆయన. అన్నేళ్లు ఆ పాట కిందే పెరిగిన మనిషికి మొదటి ముక్క తప్ప ఏదీ రాదు. మగవాళ్ల చెవులు అంతే.

పండుగ నాడు పందిరి కింద గంజి పెట్టిన కొత్త చీరల వాసన. ఒక్కో తొట్టెల, ఒక్కో పాట. మా వంతు వచ్చేసరికి దిగంబరరావు సారు అత్తమ్మ వైపు చూసి, తల దించుకుని, తర్వాతి ఇంటివాళ్లను పిలవబోయాడు.

"ఆగు సారూ, నేను పాడుత" అన్నాను.

"గా తెలుగు పిల్లకు ఏమొస్తది?" అంది వెనక నుంచి ఒక ముసలామె. నాకు ఒళ్లు మండింది. ఆ మంటే నన్ను నిలబెట్టింది.

కళ్లు మూసుకున్నాను. రాట్నం తిరిగింది, మగ్గం ఆడింది, ఏరు వచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది. అర్థం తెలియని మాటలు ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడబడకుండా వచ్చాయి. సగం చరణంలో గొంతు ఆగిపోయింది.

పందిరి కింద అందరూ నేను మరిచిపోయాననుకున్నారు. నేను మరిచిపోలేదు. నేను నేర్చుకున్న పాటే అక్కడ ఆగుతుంది. కండె అయిపోయే చోటది! ఆగడం కూడా పాటలోదే అనుకుని కడుపులో పెట్టుకున్నాను. తర్వాతి ముక్క ఎలా అందుకోవాలో నాకు తెలియలేదు.

కళ్లు తెరిచాను. అత్తమ్మ ఎడమ చెయ్యి నా ముందు చాచి ఉంది.

నా దగ్గర కండె ఎక్కడిది? తొట్టెల్లోని బిడ్డ పిడికిలిని పట్టి ఆ అరచేతిలో పెట్టాను. అత్తమ్మ వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. పాట మళ్లీ వచ్చింది. ఇంకో చరణంలోనూ ఆగాను, ఈసారి పందిరంతా నాతోపాటు ఆగింది. ఏడుస్తూ పాడాను. ఆమె భాష మీద నాకున్న కోపం అప్పుడే పోయింది, నా భాష మీద ప్రేమ ఇసుమంత తగ్గకుండానే.

అత్తమ్మ పోయి కొన్నేళ్లయింది. బిడ్డకు బడి ఈడు వచ్చింది. నాతో తెలుగు, వాళ్ల నాయినతో మరాఠీ. వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ, మగ్గం మీద ఎలా పాడేదో నేనే చెప్పాను. నిన్న మధ్యాహ్నం నేను రాట్నం తిప్పుతుంటే, చీర ముక్కతో తొట్టెల కట్టి బొమ్మను ఊపుతూ పాడుతోంది. సగం చరణంలో ఆగింది.

"మరిచినవా బిడ్డా?" అన్నాను.

"మరువలే అమ్మా. ఆజీ కండె మారుస్తాంది" అంటూ చెయ్యి చాచింది.

రాట్నం ఆపి, చుట్టిన కండె ఆ చేతిలో పెట్టాను.