ఎవరు చేసింది వాళ్ళే చెప్పాల

"ముప్ఫై మందికి వారం రోజులు అన్నం వండి పెట్టాల" అని మా ఆయన జయరావు చెప్పినప్పుడు నేను రంగు తొట్టి కడుగుతున్నాను. అడగడం కాదు, చెప్పడమే. తిరుపతి కాలేజీ పిల్లలు మా ఊళ్ళో సేవా శిబిరం పెడతారట, భోజనాలు మావేనని పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ మాటిచ్చి వచ్చాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా రెక్కల కష్టం ఆయన దానం చేశాడు, శాలువా ఆయనకు కప్పారు. వచ్చే పిల్లల్లో మా అమ్మాయి తేజస్విని ఉంది కాబట్టి నేను నోరెత్తనని ఆయనకు తెలుసు.

మాది నగరి పక్కన చిన్న ఊరు. మగ్గాలున్న పై వీధి మాది. చర్చి ఉన్న కింది వీధి కూలిపనులు చేసుకునేవాళ్ళది. రెంటికీ మధ్య ఒక కాలువ. నూలుకు అద్దకం వేశాక మిగిలే రంగునీళ్ళు ఊరి బయట గుంతలో పోయాలని పంచాయతీవాళ్ళు ఎప్పుడో చెప్పారు. గుంత దూరం. "ఆడిదాకా యాడ మోస్తావు, తెల్లారకముందే కాలవలో పోసెయ్" అన్నాడు మా ఆయన, నేను కాపురానికి వచ్చిన కొత్తలో. ఇరవై రెండేళ్ళుగా పోస్తూనే ఉన్నాను. కళ్ళాపి చల్లినంత మామూలుగా, ఎవరి కంటా పడకుండా.

రెండేళ్ళ కిందట కింది వీధి బోరింగులో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. పిల్లల ఒంటి మీద పుండ్లు లేచాయి. ఆ వీధి ఏబెల్ వచ్చి ఇదేంది జయరావూ అని అడిగాడు. రంగు మా వీధిది కాదు, పై ఊళ్ళ నుంచి వస్తోందని మా ఆయన వాదించాడు, మాట పెరిగి చెయ్యి చేసుకున్నాడు. కర్రలు లేచాయి, రెండు వైపులా కేసులు పడ్డాయి. కింది వీధి ఆడవాళ్ళకు మగ్గానికి నూలు కండెలు చుట్టే పని ఇవ్వకూడదని మా వీధి మగవాళ్ళు తీర్మానించారు. ఏబెల్ భార్య గ్రేసీ అప్పటికి పదకొండేళ్ళుగా మా పంచలో నా పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. నాకు ఆపరేషనై మంచాన పడితే తేజస్వినికి జడలు వేసి బడికి పంపింది ఆమే. ఆ గొడవ తర్వాత సంతలో నేను ఎదురైతే తల తిప్పుకుంది. తిప్పుకోక ఏం చేస్తుంది?

కాలేజీ పిల్లలు వచ్చారు. కాలువ పూడిక తీయడానికి రెండు వీధుల కుర్రవాళ్ళనూ ఆడపిల్లలనూ పిలిచారు. పలుగు ఒక వీధివాళ్ళకు, దానితో తవ్విన మట్టి ఎత్తే తట్ట అవతలి వీధివాళ్ళకు ఇచ్చారు. ఒకరు లేకపోతే ఇంకొకరి పని సాగదు. మొదటి రోజు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజుకు వేళాకోళాలు మొదలయ్యాయి. నాలుగో రోజు మధ్యాహ్నం నేను వండిన పులుసన్నం రెండు వీధుల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తిన్నారు. చూసి నాకు సంతోషం కలగాలి కదా. కాలు నిలవలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఉప్పు మళ్ళీ మళ్ళీ తెచ్చానట, మా అత్త ప్రసూనాంబ విసుక్కుంది.

తేజస్వినికి చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కాయి. "ఆ బురదలో ఏముండాదో ఏమోమా, ఒకటే మంట" అంది. నేను కొబ్బరినూనె రాశాను. మా అత్త మాత్రం కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవరాలిని ఎగతాళి చేసింది. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, పిలకాయలు పోయేదాకా అద్దకం ఆపుదామన్నాడు, సోమవారం మళ్ళీ మొదలుపెడదామన్నాడు. అంటే ఆ పుండ్లు మా రంగునీళ్ళ వల్లేనని ఆయనకు తెలుసు.

వాళ్ళు వారం రోజులు మట్టి ఎత్తితే దానికి శ్రమదానమని పేరుంది, ఫొటోలున్నాయి. నేను ఇరవై రెండేళ్ళు చేసినదానికి పేరేముంది? పేరు లేకపోతే పోనీ. అంత చాకిరీ చేసి నేను చేసిందేమిటంటే పక్క వీధి బిడ్డల నీళ్ళలో విషం కలపడం. పోయమన్నది ఆయనే అని ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎర్రనీళ్ళు వచ్చిన మర్నాడు కూడా పోశాను కదా. సోమవారం నేను బకెట్ ఎత్తితే నా బిడ్డ కట్టిన స్నేహమంతా మంగళవారానికి కూలుతుంది. ఎత్తనంటే ఇంట్లో నిలవనిస్తారా? బయట చెబితే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు, మగ్గాలేమవుతాయి? బియ్యం కడుగుతూ ఇదే, అంట్లు తోముతూ ఇదే.

ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో ముగింపు సభ. రెండు వీధులూ వచ్చాయి. తేజస్విని లేచి, పాత గొడవ గురించి మాట్లాడుకుందాం, ఒక్కటే నియమం అంది. "ఎదుటోళ్ళు ఏం చేసినారో ఎవురూ చెప్పకూడదు. ఎవురు చేసింది వాళ్ళే చెప్పాల." పెద్దమనిషిగా మా ఆయనే ముందు లేచాడు. ఆ పొద్దు ఏబెల్ మీద చెయ్యి చేసుకున్నాను, తప్పేనన్నాడు. చప్పట్లు కొట్టారు. ఏబెల్ కూడా తను రాయి విసిరినట్టు ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళం వెనకాల టీ పోస్తున్నాం, మమ్మల్ని ఎవరూ అడగలేదు. అప్పుడు గ్రేసీ అడక్కుండానే లేచింది.

"నా బిడ్డకి పుండ్లు లేసినప్పుడు పై వీధి బిడ్డలకి గూడా లెయ్యాలని ప్రార్థన చేసినాను" అంది. "ఆ బిడ్డల్లో నేను జడేసిన పాప ఉండాదని తెలిసే చేసినాను."

ఆమె కళ్ళు తేజస్విని చేతుల మీదే ఉన్నాయి. చెయ్యని పాపం నెత్తిన వేసుకుని ఆమె ఏడుస్తోంది. టీ పళ్ళెం గట్టు మీద పెట్టి మగవాళ్ళ మధ్య నుంచే ముందుకు నడిచాను. మా అత్త నా కొంగు పట్టుకుంది, విడిపించుకున్నాను.

"నీ ప్రార్థన కాదు గ్రేసీ" అన్నాను. "రంగునీళ్ళు కాలవలో పోసింది నేను. ఇరవై రెండేళ్ళుగా పోస్తా ఉండాను. మీ బిడ్డలకి పుండ్లు లేసినాక గూడా పోసినాను. రేపట్నించీ పొయ్యను."

మా ఆయన కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు.

"పొయ్యమన్నది ఎవురో నేను చెప్పకూడదు" అన్నాను. "అది వాళ్ళే చెప్పుకోవాల."

తేజస్విని నా వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి మా ఆయన ముందు నిలబడింది.

"నాయనా, నువ్వింకా ఏమన్నా చెప్పాల్నా?"